ఏటిగడ్డపల్లె మీద పడవ

మొదట ఈల వినబడుతుంది. నేలబారుగా మొదలై, ఒక్కసారిగా పైకి లేచి, అక్కడ కాసేపు వణికి, దారం తెగినట్టు ఆగిపోతుంది. జమ్మలమడుగుకు ఇవతల, ముంపు ఊళ్ల వాళ్లకు కట్టించిన కాలనీలో ఆ ఈల వినగానే ఆడవాళ్లు పొయ్యి మీది హల్వా దించి మూతలు పెడతారు. మగవాళ్లు టోపీలు వెతుక్కుంటారు. సందుల్లో పడుకున్న మేకలు చెవులు తిప్పుతాయి.

ఆ తర్వాతే మలుపులో మనిషి కనబడతాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో ఇత్తడి ఈల, అరవై దాటినా వంగని వెన్ను. కాళ్లు మాత్రం కొంచెం ఎడంగా పడతాయి. కింద నేల ఊగుతుందేమోనన్న అనుమానం ఆ కాళ్లకు ఇంకా పోలేదు.

"మిలట్రీ మామ ఒచ్చినాడు, పదండి పదండి," అని మహమూదా పూలబుట్ట చంకన పెట్టుకుంది.

"మిలట్రీ కాదమ్మా, నేవీ," అన్నాడు రహమతుల్లా, ఎన్నో వందోసారి.

"ఏదైతే ఏంది భయ్యా, తుపాకీ పట్టుకునేదేగా."

ఆ రోజు షబ్బేబరాత్. పొద్దు గూకక ముందే తమవాళ్ల సమాధుల దగ్గరికి పోయి, పూలు వేసి, ఫాతెహా చదివి రావాలి. ఏటిగడ్డపల్లె వాళ్ల సమాధులు మాత్రం పెన్న నీళ్లు నిలిపిన రిజర్వాయర్ అడుగున ఉన్నాయి. ఊరు, మసీదు, చేలు, ఖబరస్తాన్ అన్నీ ఒకే దుప్పటి కింద పడుకున్నాయి. కాబట్టి ఆ ఊరివాళ్లు ఏడాదికోసారి పడవెక్కి తమ చనిపోయినవాళ్ల మీదికి పోతారు. తీసుకుపోయేది రహమతుల్లా.

పడవ ఫైబరుది, నీలం రంగుది. భీమిలిలో చేపలు పట్టడం మానేసిన ఒకాయన దగ్గర కొని, లారీకి ఎత్తించి, ఎర్రగుంట్ల మీదుగా తెచ్చాడు. సిమెంటు లారీల వరుసలో, కంపచెట్ల మధ్య, పడవ ఒకటి నడిరోడ్డున రావడం చూసి టీ అంగడి దగ్గర జనం గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు.

తెడ్డు వేసేది ఆదినారాయణ. ఇద్దరూ ఏటిగడ్డపల్లె బడిలో ఒకే పలక కోసం కొట్లాడుకున్నవాళ్లు. ఆదినారాయణ పొలం ఖబరస్తాన్ కంచెకు ఆనుకునే ఉండేది. గట్టు మీద వాళ్ల నాయన సమాధి. అందుకని ఆయనా ప్రతి యేడూ పడవెక్కుతాడు, టెంకాయ ఒకటి సంచిలో వేసుకుని. పొలం పోయాక ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్‌గా కుదిరాడు.

"ఏం మామా, ఈ యేడు గూడా ఇంజను పెట్టీలేదే? లాగి లాగి నా రెక్కలు ఊడిపోతాండాయి."

"ఫాతెహాకు పోతాండాం నారాయణా, పెండ్లికి గాదు. గోరీల మీద ఇంజను చప్పుడేంది?"

"మా నాయనకు చప్పుడంటే పానం. ట్రాక్టరు తెచ్చిన దినం కూడు గూడా దాని మీదనే తిన్యాడు." ఆ మాట అంటూ ఆదినారాయణ ఉత్సాహంగా లేచి నిలబడ్డాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"కూచోవయ్యా సామీ! పడితే తెలుస్తాది."

"పడితే ఈదుకుంటా పోతా. మా బాయిలో నా మాదిరి ఈదినోడు ఎవుడు?"

"బాయిలో అలిసిపోతే గోడ పట్టుకుంటావు. ఈడ గోడ యాడుండాది?"

ఆదినారాయణ నాలుగు దిక్కులా చూశాడు. ఒడ్డు సన్నటి గీతలా ఉంది. కూర్చుని తెడ్డు అందుకున్నాడు. ఆ సీమలో ఈత వచ్చినవాళ్లందరూ బావుల్లో నేర్చుకున్నవాళ్లే. ఎటు చెయ్యి చాపినా రాయి తగిలే నీళ్లు వాళ్లవి. గోడ లేని నీళ్లను వాళ్లు ఇంకా నమ్మలేదు.

మహమూదా చేతిలోని ఫోన్లో కువైట్ నుంచి కొడుకు నాసిర్ కనబడుతున్నాడు. "మామా, ఊరు మునగకముందుటి మ్యాపు ఫోన్లో ఉంటాది. దాంట్లో ఖబరస్తాన్ కాడ గుర్తు పెట్టుకుంటే సాలు, నేరుగా ఆడికే తీస్కపోతాది."

"మీ ఫోన్లు పుట్టకముందే అండమాన్ కాడ కారుచీకట్లో ఓడ నడిపినా రా. నాకు దావ చూపిస్తాదా అది?"

పడవంతా నవ్వింది. ఫోన్లో నాసిర్ కూడా నవ్వాడు. "సరే మామా, నీ సముద్రం నీది."

ఆ సముద్రం ఆయనకు నేర్పిన పద్ధతి చాలా చిన్నది. ఒడ్డున కదలని వస్తువులు రెండు ఎంచుకోవాలి, ఒకటి ముందు, ఒకటి వెనక. రెండూ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడపాలి. ఇంకో పక్క ఇంకో జత. రెండు వరసలూ ఒకేసారి కుదిరిన చోటే నువ్వు వెతికే చోటు. ఊరు ఖాళీ చేయించిన రోజుల్లో రహమతుల్లా తన భార్య గోరీ పక్కన నిలబడి జతలు ఎంచుకున్నాడు. ఒకటి, ఒడ్డున పంపుహౌసు గోడ, దాని వెనక గుట్ట మీది ఒంటి బండ. రెండోది, కొండ చరియ మీది సెల్ టవరు, దాని వెనక కొండ విరిగినట్టుండే గండి.

ఆయన అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. టవరు పొగలాగా కరిగి, మళ్లీ నిలిచింది. కళ్లు తుడుచుకున్నాడు.

"నిలుపు నారాయణా. ఇదే."

తెడ్డు ఆగింది. మహమూదా కొంగు తల మీదికి లాక్కుని, గుప్పెడు గుప్పెడుగా పూలు నీళ్ల మీద పెట్టింది, విసరలేదు, పెట్టింది. ఆమె బిడ్డ అల్ఫియా, నడక రాకముందే జ్వరంతో పోయిన పిల్ల, ఆ అడుగునే ఉంది. ఆదినారాయణ పడవ అంచుకు టెంకాయ కొట్టి, ఒక చిప్ప నీళ్లలోకి వదిలాడు. పెద్దవాళ్లు చేతులెత్తారు. రహమతుల్లా దువా అయ్యాక ఒక వేలు నీళ్లలో ముంచి ఉంచాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో పక్కనున్నవాళ్లకు వినబడలేదు గానీ, ప్రతి యేడూ ఆయన అనేది ఒకటే మాట. భయపడాకు ఖమ్రూ, పైన్నే ఉండా.

ఖమ్రున్నీసాకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు తమ్ముడు బావిలో పడి పోయాడు. శవాన్ని పైకి లాగిన మోకు చప్పుడు ఆమె చెవుల్లో జీవితమంతా ఉండిపోయింది. అలాంటి పిల్లకు దొరికిన మొగుడేమో నేవీవాడు.

ప్రొద్దుటూరులో చదువుకునే రోజుల్లో స్నేహితుడికి తోడుగా భర్తీకి పోయి, స్నేహితుడు తప్పి తాను నెగ్గాడు రహమతుల్లా. అప్పటిదాకా ఆయన చూసిన పెద్ద నీళ్లు వానాకాలపు పెన్న, అదీ నాలుగు రోజులు. చిల్కలో శిక్షణ. కొచ్చి, బొంబాయి, పోర్ట్‌బ్లెయిర్. మస్కట్ కొండలు చూసి, అచ్చం గండికోట దగ్గరి కొండల మాదిరే ఉన్నాయే అని ఏడ్చుకున్నాడు. ఓడ చక్రం దగ్గర, దిక్సూచి దగ్గర పని. తుపాకీ పట్టుకున్నది పరేడ్‌లో మాత్రమే. కాలనీలో ఎవరూ దాన్ని నమ్మరు. ఆయన క్యాంటీన్ కార్డు మీద వచ్చే రమ్ము సీసా ఆదినారాయణకు పోతుంది కాబట్టి, ఆదినారాయణ మాత్రం నమ్మినట్టు తలాడిస్తాడు.

ఉద్యోగం అయ్యాక భీమిలిలో ఇల్లు తీసుకున్నాడు. విశాఖ రేవులో ఓడలను లాగే చిన్న స్టీమర్ మీద పని దొరికింది. కిటికీ తెరిస్తే సముద్రం. ఖమ్రున్నీసా ఆ కిటికీ తెరవలేదు. పదిహేడేళ్లు అలల పక్కన కాపురం చేసి, ఒక్కసారి కూడా పాదం తడుపుకోలేదు. పక్కింటి జాలరి ఆడవాళ్లు, "నేవీ ఆయన పెళ్లాం ఉప్పునీళ్లు తొక్కదంటమ్మా," అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. సాయంత్రాలు ఆయన ఒడ్డున నడుస్తుంటే తాను రోడ్డు మీద, ఇసక మొదలయ్యే చోట, చెప్పులు విడవకుండా నిలబడేది.

జబ్బు చేసి మంచం పట్టాక ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుంది. "నన్ను ఈడ పెట్టాకు. ఈ ఇసకలో మూరెడు తవ్వితే నీళ్లు ఊరతాయి. మన ఊరికి తీస్కపో. ఆడ ఎంత తవ్వినా పొడిగానే ఉంటాది."

ఆయన మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఏటిగడ్డపల్లెలో గోరీ తవ్వేటప్పుడు గడ్డపార రాయికి తగిలి నిప్పురవ్వలు లేచాయి. అంత పొడి నేల. ఆమెను దాంట్లో దించి, మన్ను వేసి, ఆయన మొదటిసారి నిబ్బరంగా నిద్రపోయాడు.

నీళ్లు వస్తాయన్న మాట ఆ ఊరికి తాతల కాలం నుంచీ వస్తూనే ఉంది. సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతారు. నాయకులు వచ్చి దండలు వేయించుకున్నారు. నీళ్లు మాత్రం రాలేదు. వాన కోసం మొగం వాచిన ఊరివాళ్లకు, నీళ్లే తమను తరుముతాయంటే నవ్వొచ్చేది. సమాధులు కట్టుకున్నారు, ఇళ్లకు సున్నం కొట్టుకున్నారు, బోర్లు వేయించుకున్నారు. అందరి మాదిరే రహమతుల్లా కూడా నమ్మలేదు. ఆమెను పెట్టిన రెండో వానాకాలంలో నీళ్లు నిజంగానే వచ్చాయి. గోరీలను కదిలించకూడదన్నారు పెద్దలు. మసీదు మినారు కొన్నాళ్లు నీళ్ల పైన వేలెత్తినట్టు నిలబడి, ఒకరోజు అదీ పోయింది.

పులివెందులలో ఉన్న కూతురు సుమయ్యా రమ్మని ఎంత పిలిచినా పోలేదు. కాలనీలోనే ఉండిపోయాడు. ముసలమ్మలను కంటాసుపత్రికి తీసుకుపోయాడు, వేలిముద్ర పడని పింఛన్ల కోసం ఆఫీసుల్లో అరిచాడు, కుళాయి రాని వీధికి ట్యాంకరు పిలిపించాడు. ఇవన్నీ చేసినా తన లెక్కలో తనకు ఒక్కటే పని. ఏడాదికోసారి సరిగ్గా ఆమె మీదికి పోయి నిలబడటం. ఇచ్చిన మాట తప్పింది. ఆ తప్పిన మాట పక్కనైనా సరైన చోట నిలబడాలి.

ఆ యేడు ఎండాకాలం గేట్లు బాగుచేయాలని నీళ్లు వదిలేశారు. రిజర్వాయర్ ఒక్కో మెట్టే దిగింది. మేకలు తోలే పిల్లలు వచ్చి మసీదు మెట్లు బయటపడ్డాయని చెప్పారు. కాలనీ అంతా ఆటోల్లో కదిలింది.

ఊరు లేదు. బూడిద రంగు బురద ఎండి, పలకలు పలకలుగా పగిలి, కనుచూపు మేర పరుచుకుని ఉంది. అక్కడక్కడా గోడ మొండేలు. మసీదు అరుగు మాత్రం గుర్తుపట్టేలా ఉంది. దాని వెనకే ఖబరస్తాన్ ఉండాలి. అక్కడా అదే బురద, నడుం లోతు. గోరీల మీద పరిచిన కడప బండలు ఏవి ఎక్కడ ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో తెలియలేదు. మహమూదా అల్లుడు గడ్డపారతో ఒక చోట తవ్వితే బండ తగిలింది. చేతులతో మట్టి తీశారు. ఎవరిదో ఇంటి గడప, పసుపు మరక ఇంకా పోలేదు.

రహమతుల్లా మసీదు అరుగెక్కాడు. ఇంతకాలం నీళ్ల మీద నుంచి చూసినదాన్ని నేల మీద నుంచి చూసి తృప్తి పడదామనుకున్నాడు. పంపుహౌసు గోడ, ఒంటి బండ, సరిగ్గా ఉన్నాయి. ఇటు తిరిగాడు. టవరు, గండి. కుదరలేదు. టవరు గండికి చాలా ఎడంగా నిలబడి ఉంది.

కళ్లు చేసే మోసమనుకున్నాడు. "నారాయణా, ఆ టవరు గండిలోకి ఒచ్చినాదా సూడు."

"యాడ మామా? శానా దూరముండాదే."

మేకలు తోలే మనిషిని పిలిచి అడిగారు. "ముందుండే టవరు గాలికి ఒరిగితే పీకేసినారప్పా. ఆ బండల మధ్యలో దాని కాళ్లు ఇంగా ఉండాయి సూడండి. ఇది ఆ పక్క కొత్తగా ఏసినారు. మీ ఊర్లోకి నీళ్లొచ్చిన యేడే."

కదలని వస్తువనుకున్నది కదిలింది. చూడాల్సిన కళ్లు అది చూడలేదు.

ఆయన అరుగు దిగి నడవడం మొదలుపెట్టాడు. ఒక చూపు బండ మీద, ఒక చూపు కొత్త టవరు మీద. బురద పలకలు కాళ్ల కింద పటపట విరుగుతున్నాయి. వెనక ఆదినారాయణ, ఆ వెనక మహమూదా. టవరు మెల్లగా జరిగి జరిగి గండిలోకి వచ్చింది. ఆయన ఆగాడు. మసీదు అరుగు దూరాన చిన్న పెట్టెలా ఉంది. పడవ ఇన్నేళ్లూ ఆగింది ఇక్కడ.

ఆదినారాయణ చుట్టూ చూశాడు. ఒక తుమ్మ మోడు, దాని పక్కన గుంత. గుర్తుపట్టి పెద్దగా నవ్వేశాడు. "ఓరి నీ! ఇది మనం పొద్దన్నే చెంబులు తీస్కొచ్చే బయలు గదా మామా! ఈ తుమ్మచెట్టు చాటునే గదా బీడీలు తాగుతాంటిమి. ఈడనా ఇన్నేండ్లు నేను టెంకాయలు కొట్టినది?"

నవ్వు సగంలో ఆగిపోయింది. వెనక మహమూదా నిలబడి ఉంది.

"నా బిడ్డ పూలు," అంది ఆమె. తుమ్మ మోడు వైపు చూసి, "అన్ని పూలూ ఈడికేనా భయ్యా?"

రహమతుల్లా ఆమె వైపు తిరిగాడు. ఆమె కోపంగా చూడలేదు. చూసి ఉంటే ఆయనకు ఏదో ఒకటి చెప్పుకోవడానికి వీలుండేది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఆటో వైపు నడిచిపోయింది.

"దేవుడికి తెలీదా మామా, ఎవురికని పంపినామో," అన్నాడు ఆదినారాయణ గొంతు తగ్గించి.

"దేవునికి తెలుస్తాది నారాయణా. నాకు తెలిసుండాల్సింది."

తర్వాత ప్రొద్దుటూరులో కంటి డాక్టరు దీపం వేసి చూసి, కంట్లో నరం ఎండిపోయిందన్నాడు. ఇదివరకే రావాల్సిందన్నాడు. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలనీ చెప్పాడు. బయటికొచ్చి బట్టల అంగళ్ల వీధిలో నిలబడితే ఆ రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీళ్ల మాదిరి కనబడ్డాయి. ఎన్నాళ్లనుంచి ఇలా ఉందో ఆయనకే తెలియలేదు. సముద్రంలో దూరం ఎప్పుడూ మసకగానే ఉంటుంది గదా అనుకునేవాడు.

వానలు పడ్డాయి. గేట్లు మూశారు. బురద మీదికి మళ్లీ నీళ్లెక్కాయి. నీళ్లు లేని ఆ కొద్దిరోజుల్లో నాసిర్ ఫోన్లోనే చెప్పి, తన బావ చేత మసీదు వెనక చోటును మ్యాపులో గుర్తు పెట్టించాడు. ఇప్పుడు చోటు తప్పే పని లేదు. అయినా తర్వాతి షబ్బేబరాత్‌కు పడవ దగ్గరికి ఎవరూ రాలేదు. ఎవరూ రామని చెప్పలేదు కూడా. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి చెన్నూరులో చుట్టాల ఇల్లు. అసలు సంగతి అందరికీ తెలుసు. నీళ్ల కింద ఊరుంది అనుకున్నన్నాళ్లు పోగలిగారు. ఏముందో కళ్లారా చూశాక, పూలు ఎక్కడ వేయాలో చేతులకు తెలియలేదు.

మహమూదా గడపలోనే ఫోను చేతికిచ్చింది. "మీరు పోయిరాండి భయ్యా. నేను ఇంట్లోనే చదువుకుంటా. పిల్లకు ఇంటికే వచ్చే అలవాటు చేస్తా."

ఇద్దరే పోయారు. ఆదినారాయణ ఆ రోజు జోకులు వేయలేదు, టెంకాయ తేలేదు. ఫోన్లో నీలం చుక్క కదిలి కదిలి ఎర్ర గుర్తు మీదికి చేరింది. "ఇదే మామా," అన్నాడు. తెడ్డు ఆపాడు. రహమతుల్లా చేతులెత్తాడు. చాలాసేపు ఎత్తి ఉంచాడు. గాలికి పడవ నెమ్మదిగా గుర్తు దాటి జారిపోతుంటే ఆదినారాయణ మళ్లీ మళ్లీ సరిచేశాడు. చివరికి ఆయన చేతులు ఒళ్లోకి దిగాయి. వేలు నీళ్లలో ముంచలేదు. "పోదాం పద," అన్నాడు.

ఆ తర్వాత పడవ నీళ్లలోకి దిగలేదు. సుమయ్యా వచ్చి సామాను సర్దింది. ఇప్పుడాయన పులివెందులలో, లింగాల పోయే దారిలో, అల్లుడి చీనీ తోట పక్క ఇంట్లో ఉంటాడు. డ్రిప్పు పైపుల్లోంచి చెట్ల మొదట్లో నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటాయి. ఆ ఇంట్లో నీళ్లంటే అంతే. చుక్కలు వేసుకునే వేళ కూతురు గుర్తు చేస్తుంది. కొత్తవాళ్లకు "మిలట్రీ ఆయన" అని పరిచయం చేస్తే, ఆయన ఇప్పుడు సరిదిద్దడం లేదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి వచ్చిన మనిషి లేచేముందు ఒకటే అడగగలిగాడు, ఆఖరి సారి సరైన చోట నిలబడ్డారు గదా, ఏమనుకున్నారు అని. ఆయన తోట వైపు చూశాడు. ఆ తోటలో ఎంతవరకు ఆయనకు కనబడుతుందో తెలియదు.

"సరైన చోట ఏమీ లేదప్పా," అన్నాడు. "ఆ చెంబుల బయలు మీద నిలబడినప్పుడే, ఆమె నా మాట ఇంటాన్నట్టు ఉండేది."